రెండు అంబాసిడర్ల చోట మూడు మారుతులు

2014 జనవరి 18న గుర్గావ్‌లో మారుతి 800 తయారీ ఆగింది. అదే ఏడాది మే 24న కోల్‌కతా పక్కనున్న ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ తన ఫ్యాక్టరీలో పని నిలిపేసింది. అంబాసిడర్ అక్కడితో సరి. మొదటిది 1983లో రోడ్డెక్కిన కారు, రెండోది 1957-58 నాటిది. పుట్టుకలో పాతికేళ్ల తేడా ఉన్నా, పోవడం మాత్రం నాలుగు నెలల ఎడంలో పోయాయి.

ఈ రెండింటి గురించీ మనవాళ్లకు అభిప్రాయాల కొదవ లేదు. అంబాసిడర్ అభిమాని బానెట్ మీద వేళ్లతో కొట్టి ‘ఇదీ ఇనుమంటే’ అంటాడు. మారుతి అభిమాని మైలేజీ లెక్క తీస్తాడు. ఇద్దరి మాటల్లోనూ నిజముంది. అది ఎంత నిజం, ఎక్కడిదాకా నిజం అన్నది మాత్రం టేపు, తూకం, లీటరు కొలత పట్టుకుంటేనే తేలుతుంది. ఈ కథనంలో అంబాసిడర్ అంటే 1980ల నాటి 1,489 సీసీ పెట్రోలు బండి. మారుతి అంటే 1986లో వచ్చి, మనందరి కళ్లలో నిలిచిపోయిన రెండో రూపం, 796 సీసీది. ఇన్నేళ్లలో రెండింటికీ చిన్నా చితకా మార్పులు జరిగాయి కాబట్టి మోడల్‌ని బట్టి అంకెలు కాస్త అటూ ఇటూ అవుతాయి. దానివల్ల చెప్పబోయే విషయం మారదు.

టేపు పెట్టి కొలిస్తే

అంబాసిడర్ పొడవు 4,325 మిల్లీమీటర్లు, వెడల్పు 1,662. గుణిస్తే నేల మీద అది పట్టే చోటు 7.19 చదరపు మీటర్లు. మారుతి పొడవు 3,335, వెడల్పు 1,440. దానికి కావాల్సింది 4.80 చదరపు మీటర్లు. రెండు అంబాసిడర్లకు 14.38, మూడు మారుతులకు 14.41. తలుపులు తీసే జాగా సంగతి పక్కన పెడితే, రెండు అంబాసిడర్లు నిలిపే చోట మూడు మారుతులు పట్టేస్తాయి. తేడా రెండు అరచేతులంత. బరువులోనూ ఇదే తంతు. అంబాసిడర్ సుమారు 1,110 కిలోలు, మారుతి సుమారు 650. అంటే ఒక అంబాసిడర్ బరువుకు ఒక మారుతి, దానిపైన ఇంకో ముప్పాతిక మారుతికి కాస్త తక్కువ.

ఇంతవరకు ఎవరైనా చూపుతోనే చెప్పగలరు. చూపుకు అందనిది వీల్‌బేస్. ముందు చక్రాల ఇరుసు నుంచి వెనక చక్రాల ఇరుసు దాకా ఉన్న దూరం అది. కారులో మనుషులు కూర్చునేది దాదాపుగా ఈ మేరలోనే. అంబాసిడర్‌ది 2,464 మి.మీ., మారుతిది 2,175. ఇప్పుడు తీసివేతలు చేయండి. అంబాసిడర్ నుంచి మారుతికి వచ్చేసరికి కారు పొడవు 990 మి.మీ. తగ్గింది. వీల్‌బేస్ తగ్గింది 289 మాత్రమే. మిగిలిన 700 మిల్లీమీటర్లు మనుషుల కాళ్ల దగ్గర కోసినవి కావు. కారు ముక్కు, తోక తగ్గించి మిగిల్చినవి. మొత్తం పొడవులో చక్రాల మధ్య భాగం అంబాసిడర్‌లో 57 శాతం, మారుతిలో 65 శాతం.

ఇది ఎలా కుదిరిందో బానెట్ ఎత్తితే తెలుస్తుంది. అంబాసిడర్‌లో ఇంజిన్ నిలువుగా, అంటే కారు పొడవు వెంబడి ఉంటుంది. దాని వెనక గేర్‌బాక్సు. అక్కడి నుంచి నేల కింద పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్ట్ వెళ్లి వెనక ఇరుసును తిప్పుతుంది. ఆ షాఫ్ట్ కోసమే కారు నేల మధ్యలో దిబ్బలా లేస్తుంది. వెనక సీట్లో మధ్యన కూర్చున్న పిల్లవాడు కాళ్లు అటొకటి ఇటొకటి వేసుకునేది అందుకే. మారుతిలో ఇంజిన్‌ను అడ్డంగా తిప్పి పెట్టారు. గేర్‌బాక్సు, డిఫరెన్షియల్ అన్నీ ఆ బానెట్ కిందే సర్దేసి ముందు చక్రాలనే తిప్పించారు. ప్రొపెల్లర్ షాఫ్ట్ లేదు, వెనక బరువైన ఇరుసు పెట్టె లేదు. చోటూ మిగిలింది, బరువూ మిగిలింది.

ఇక్కడో తమాషా ఉంది. అంబాసిడర్‌కు మూలం బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3. 1956లో వచ్చి 1959లో అక్కడ ఆగిపోయిన కారు. దాన్ని చేసిన బ్రిటిష్ మోటార్ కార్పొరేషనే 1959లో అలెక్ ఇసిగోనిస్ గీసిన మినీని మార్కెట్లోకి తెచ్చింది. పొడవు పది అడుగులు, అడ్డంగా పెట్టిన ఇంజిన్, ముందు చక్రాలకు చోదనం. చిన్న కార్లు ఎలా ఉండాలో లోకానికి నేర్పిన కారు అది. అంటే ఒకే ఇంట్లో పాత పద్ధతి సెలవు తీసుకుంటున్న ఏడాదే కొత్త పద్ధతి పుట్టింది. మన దాకా వచ్చింది పాతది. కొత్తది జపాన్ చుట్టి, సుజుకీ చేతుల మీదుగా మన గడప తొక్కేసరికి 24 ఏళ్లు పట్టింది.

మారుతి కొలతలకు ఇంకో కారణం కూడా ఉంది. జపాన్‌లో పన్ను రాయితీ దక్కే ‘కేయ్’ తరగతి కార్లకు అప్పట్లో పొడవు 3.2 మీటర్లు, వెడల్పు 1.4 మీటర్లు, ఇంజిన్ 550 సీసీ దాటకూడదు. సుజుకీ ఆల్టో ఆ గీతల మధ్య గీసిన కారు. దానికే పెద్ద ఇంజిన్, కాస్త ముందుకు పొడుచుకొచ్చిన బంపర్లు తగిలించి మనకిచ్చారు.  

ఇంజిన్ లోపల

సీసీ అనే మాట అందరం వాడతాం, అది ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం అరుదుగా లెక్కేస్తాం. అంబాసిడర్ ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్ వ్యాసం 73.025 మి.మీ., పిస్టన్ పైకీ కిందకీ కదిలే దూరం 88.9 మి.మీ. ఇవేం విచిత్రమైన అంకెలంటారా? అంగుళాల్లోకి మార్చండి: వ్యాసం 2.875 అంగుళాలు, కదలిక మూడున్నర అంగుళాలు. బ్రిటిష్ ఫ్యాక్టరీ కొలబద్ద ఉత్తర్‌పారా దాకా వచ్చి, దేశం మెట్రిక్ పద్ధతికి మారినా అక్కడే ఉండిపోయింది. అలాంటి సిలిండర్లు నాలుగు, ఘనపరిమాణం కడితే 1,489 ఘన సెంటీమీటర్లు. మారుతిలో వ్యాసం 68.5, కదలిక 72 మి.మీ., సిలిండర్లు మూడే. మొత్తం 796.

ఇంత తేడా ఉన్న ఇంజిన్ల మధ్య శక్తిలో తేడా అంత లేదు. అంబాసిడర్ నిమిషానికి 4,200 చుట్ల దగ్గర సుమారు 50 హార్స్‌పవర్ ఇస్తుంది. మారుతి 5,000 చుట్ల దగ్గర 37. లీటరు చొప్పున పంచి చూస్తే అంబాసిడర్‌కు 33.6, మారుతికి 46.5. తరం మారడమంటే ఏమిటో ఈ రెండు అంకెలు చెబుతాయి. అంబాసిడర్‌లో వాల్వులను తెరిచేది ఇంజిన్ పక్కన కింద ఉండే క్యామ్‌షాఫ్ట్. అక్కడి నుంచి పొడుగాటి పుష్‌రాడ్లు, వాటిపైన రాకర్లు. మారుతిలో క్యామ్‌షాఫ్ట్ సిలిండర్ హెడ్‌లోకే ఎక్కింది. కదిలే ఇనుము తగ్గింది కాబట్టి ఇంజిన్ హాయిగా ఎక్కువ చుట్లు తిరుగుతుంది.

‘ఎక్కువ తిరిగితే త్వరగా అరిగిపోదూ?’ మారుతి వచ్చిన కొత్తలో పాత డ్రైవర్లందరి అనుమానం ఇదే. సమాధానం చుట్ల సంఖ్యలో కాదు, పిస్టన్ వేగంలో ఉంది. ఇంజిన్ ఒక చుట్టు తిరిగితే పిస్టన్ ఒకసారి కిందకి, ఒకసారి పైకి పోతుంది. అంబాసిడర్‌లో అది 177.8 మి.మీ. ప్రయాణం. నిమిషానికి 4,200 చుట్లంటే సెకనుకు 70. రెండూ గుణిస్తే పిస్టన్ సగటు వేగం సెకనుకు 12.4 మీటర్లు. మారుతిలో ఒక చుట్టుకు 144 మి.మీ., సెకనుకు 83.3 చుట్లు, వేగం సెకనుకు 12 మీటర్లు. చెవికి గోల చేసేది మారుతే, కానీ సిలిండర్ గోడను ఎక్కువ వేగంతో రుద్దేది అంబాసిడర్. పాత డ్రైవర్ల అనుమానం చెవి పుట్టించిందే తప్ప లెక్క పుట్టించింది కాదు.

అయితే వాళ్ల ఇంకో మాట మాత్రం లెక్కకు నిలుస్తుంది. ‘లోడు పడితే అంబాసిడరే లాగుతుంది’ అనేది. శక్తిని బరువుతో పోల్చి చూద్దాం. ఖాళీ కారుకు టన్నుకు ఎంత అంటే, అంబాసిడర్‌కు 45 హార్స్‌పవర్, మారుతికి 57. మారుతి చెంగుమని ముందుకు దూకేది అందుకే. తలా 60 కిలోల మనుషులు నలుగురు ఎక్కాక చూడండి: అంబాసిడర్ 37, మారుతి 41.6. పన్నెండు తేడా ఐదులోపుకు వచ్చేసింది. బరువైన కారుకు నలుగురు పెద్ద లెక్క కాదు, తేలికైన కారుకు ఆ నలుగురే మూడోవంతుకు పైగా అదనపు భారం.

ఇక టార్క్, అంటే చక్రాన్ని మెలితిప్పే బలం. అంబాసిడర్‌కు సుమారు 100 న్యూటన్ మీటర్లు, మారుతికి 59. ఖాళీగా టన్నుకు 90, 91, ఇద్దరూ సమానం. నలుగురూ ఎక్కాక 74, 66. ఇప్పుడు అంబాసిడర్‌దే పైచేయి. గేర్ల నిష్పత్తులు కూడా కలుపుకుంటేగానీ పూర్తి లెక్క కాదు కానీ, ఘాట్ రోడ్డు మీద సామాను, సంసారంతో ఎక్కేటప్పుడు అంబాసిడర్ నింపాదిగా పోతుంటే మారుతి డ్రైవరు రెండో గేరుకీ మూడో గేరుకీ మధ్య చెయ్యి ఆడిస్తూనే ఉండేవాడంటే కారణం ఇదే. ఈ పొగడ్త పెట్రోలు బండికే వర్తిస్తుంది సుమా. 1980ల డీజిల్ అంబాసిడర్‌కు నలభై హార్స్‌పవర్ కూడా లేదు. ఇంజిన్ బరువు మాత్రం ఇంకాస్త ఎక్కువ. దాని వెనక ఘాట్‌లో ఇరుక్కున్నవాళ్లకు ఈ అంకె చూసి ఆశ్చర్యం కలగదు.

లీటరు లెక్క, తల లెక్క

అంబాసిడర్ పెట్రోలు బండి మంచి కండిషన్లో ఉంటే లీటరుకు పది కిలోమీటర్లు, మారుతి పదహారు అనుకుందాం. ఏడాదికి పదివేల కిలోమీటర్లు తిరిగే ఇంటికి అంబాసిడర్ 1,000 లీటర్లు తాగితే మారుతి 625తో సరిపెట్టుకుంటుంది. 375 లీటర్ల మిగులు. నెల జీతం మీద బతికే ఉద్యోగి కారు గురించి ఆలోచించడం మొదలుపెట్టింది ఈ మిగులు దగ్గరే. టాంకు కూడా చూడండి. అంబాసిడర్‌ది 54 లీటర్లు, మారుతిది 28. నిండా కొట్టిస్తే అంబాసిడర్ 540 కిలోమీటర్లు, మారుతి 448. దాదాపు సగం పెట్రోలుతో ఐదింట నాలుగు వంతుల దూరానికి పైనే.

కానీ టాక్సీ యజమాని లెక్క వేరు. అతను చూసేది కారు ఎంత దూరం పోయిందని కాదు, ఎంతమందిని ఎంత దూరం మోసిందని. ఐదుగురితో పోయే అంబాసిడర్ ఒక లీటరుకు మోసేది 50 ‘మనిషి కిలోమీటర్లు’. నలుగురితో పోయే మారుతి 64. ఇక్కడా మారుతిదే గెలుపు. కానీ మన ఊళ్లలో అంబాసిడర్ ఐదుగురితో కదిలిందెప్పుడు? ముందు సీటు బెంచీలా ఉంటుంది, గేరు రాడ్డు స్టీరింగ్ పక్కన ఉండే మోడళ్లలో మధ్య జాగా కూడా ఖాళీయే. డ్రైవరు తలుపుకు ఒరిగి సగం సీటు మీద కూర్చుంటే ముందు నలుగురు, వెనక ఐదారుగురు. పదిమందితో మైలేజీ ఎనిమిదికి పడిపోయిందనుకున్నా లీటరుకు 80 మనిషి కిలోమీటర్లు. మారుతిని దాటేసింది. ఇది చట్టం ఒప్పుకునే లెక్క కాదు, ప్రాణాలకు మంచి లెక్క అంతకన్నా కాదు. అయినా బస్సు లేని ఊళ్లకు, పెళ్లిళ్లకు, ఆసుపత్రి ప్రయాణాలకు అంబాసిడర్ అన్నేళ్లు ఎందుకు నిలబడిందంటే జవాబు ఈ అంకెలోనే ఉంది.

ఎత్తు సంగతి కూడా కలపాలి. అంబాసిడర్ 1,593 మి.మీ., మారుతి 1,405. దాదాపు 19 సెంటీమీటర్ల తేడా. తలపాగా ఉన్న పెద్దాయన వంగకుండా ఎక్కగలడు, మోకాళ్ల నొప్పులున్న మామ్మ కుర్చీలో కూర్చున్నట్టు కూర్చోగలదు. వెనక సీటు సుఖం విషయంలో మారుతి ఏ రోజూ అంబాసిడర్‌కు దీటు కాదు. ఈ మాట చెప్పడానికి నాకు అంకెలు కూడా అక్కర్లేదు.

గుంత, మలుపు, రెంచీ

మన రోడ్ల మీద చక్రం సైజు చిన్న విషయం కాదు. అంబాసిడర్ టైరు 5.90-15, వ్యాసం సుమారు 670 మి.మీ. మారుతిది 145/70 ఆర్ 12; 508 మి.మీ. పది సెంటీమీటర్ల ఎత్తున్న అంచుకు చక్రం ఎదురైందనుకోండి. అంబాసిడర్ టైరు దాన్ని సుమారు 45 డిగ్రీల వాలులో తాకుతుంది, మారుతి టైరు 53 డిగ్రీల వాలులో. వాలు ఎంత నిటారైతే దెబ్బ అంత ఎదురుగా తగులుతుంది. అంబాసిడర్‌లో ముందు టార్షన్ బార్లు, వెనక లారీ పట్టీల్లాంటి లీఫ్ స్ప్రింగులు, పైన టన్నుకు మించిన బరువు కలిసి ఆ దెబ్బను కారులో ఉన్నవాళ్ల దాకా రానీయవు. మారుతిలో గుంత లోతు వెన్నుపూసకు తెలిసేది.

మలుపు దగ్గర పాత్రలు తారుమారు. అంబాసిడర్ తిరగడానికి కావాల్సిన వృత్త వ్యాసార్థం 5.4 మీటర్లు, మారుతికి 4.4. పూర్తిగా వెనక్కి తిరగాలంటే 10.8, 8.8 మీటర్ల వెడల్పు కావాలి. మన రెండు వరుసల రోడ్డు తారు వెడల్పు 7 మీటర్లు. పక్కనున్న మట్టి మార్జిన్ మరో రెండు మీటర్లు దొరికితే మారుతి ఒక్క ఊపులో తిరిగిపోతుంది. అంబాసిడర్ డ్రైవరు ముందుకీ వెనక్కీ రెండుసార్లు చెమటోడ్చాలి. పవర్ స్టీరింగ్ లేని రోజుల్లో ఆ చెమట మాటవరసకు అన్నది కాదు.

రిపేరు విషయంలో ఏది గొప్ప అంటే తడుముకోకుండా అంబాసిడర్ అంటారు. ఒప్పుకుంటూనే ఒక సవరణ. అంబాసిడర్ వాల్వ్ కవరు విప్పి ట్యాపెట్లు సరిచేయడం మెకానిక్కుకు కంఠోపాఠం. ఫీలర్ గేజీలో ‘15 థౌ’ రేకు, అంటే అంగుళంలో వెయ్యింట 15 వంతులు, సుమారు 0.38 మి.మీ., రాకరుకీ వాల్వుకీ మధ్య పెడతాడు. నట్టు వదులు చేసి స్క్రూ తిప్పుతూ రేకు కొద్దిగా పట్టి జారేలా చూసి బిగిస్తాడు. ఒక్కో సిలిండరుకు రెండు చొప్పున ఎనిమిది వాల్వులు. డిస్ట్రిబ్యూటర్ పాయింట్ల సందు కూడా దాదాపు అదే 15 థౌ. ఒక రేకు, ఒక రింగు స్పానరు, ఒక స్క్రూడ్రైవరు ఉంటే చెట్టు కింద పని అయిపోతుంది. నిజమే. కానీ ఆ పని ఎన్నిసార్లు చేయాల్సి వచ్చేది? దానికి తోడు ముందు చక్రాల కీళ్లకు గ్రీజు కొట్టించడం, కార్బొరేటర్ శుభ్రం చేయడం, రేడియేటర్ నీళ్లు చూడటం వంతుల వారీగా వస్తూనే ఉండేవి. సులువుగా బాగయ్యే కారు, తరచుగా బాగు చేయించాల్సిన కారు రెండూ ఒకటే కావచ్చు. మారుతిలో ఈ తద్దినాలు తగ్గాయి. బదులుగా రబ్బరు టైమింగ్ బెల్టు వచ్చింది. దాన్ని వేళకు మార్చకపోతే చెప్పాపెట్టకుండా దారిలో నిలిపేస్తుంది.

భద్రత గురించి ఎవరూ గొప్పలు చెప్పుకోకపోవడం మంచిది. రెండింటిలోనూ ఎయిర్‌బ్యాగులు లేవు. కార్లలో ముందు సీట్లకు బెల్టులు తప్పనిసరి అయిందే 1994లో. అంబాసిడర్ రేకు మందం చూసి ఇది గట్టి కారు అనుకుంటారు. గుద్దుకున్నప్పుడు కారు ముందు భాగం నలిగితే దెబ్బలో కొంత ఆ నలగడంలోనే ఖర్చవుతుంది. నలగని కారు ఆ దెబ్బను లోపలున్న మనిషికి అప్పజెబుతుంది. లారీ ముందు మారుతి నిలవదన్నది ఎంత నిజమో, అంబాసిడర్ బంపరు చెక్కుచెదరకపోవడం లోపలివాళ్ల క్షేమానికి సాక్ష్యం కాదన్నదీ అంతే నిజం.

ఎందుకింత కాలం బతికాయి

1980 ప్రాంతంలో దేశం మొత్తం మీద ఏడాదికి తయారయ్యే కార్లు అటూ ఇటుగా నలభై వేలు. ఎక్కువగా అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని. ఎన్ని తయారు చేయాలన్నది లైసెన్సు చెప్పేది, ధర కూడా 1975 దాకా ప్రభుత్వమే చెప్పేది. డబ్బు కట్టినవాడు ఏళ్ల తరబడి వరుసలో నిలబడేవాడు. అమ్ముడుపోతుందా అనే భయం లేని కంపెనీకి కారు మార్చాల్సిన అవసరం ఏముంటుంది? ముందు జాలీ మారింది, లైట్లు మారాయి, మార్క్ 2, మార్క్ 3, మార్క్ 4, నోవా అని పేర్లు మారాయి. ఒళ్లు మాత్రం అదే. ఇంజిన్ విషయంలో నిజమైన మార్పు 1992లో వచ్చిన ఇసుజు 1.8 లీటర్ల పెట్రోలు ఇంజిన్, ఐదు గేర్లు. సుమారు 75 హార్స్‌పవర్. ఆ బండి నడిపినవాళ్లు అసలు అంబాసిడర్ అంటే ఇదే అంటారు. కాకపోతే అప్పటికే పదేళ్లు ఆలస్యమైంది.

మారుతికి 1983లో బుకింగులు తెరిస్తే పదివేల రూపాయలు ముందే కట్టి లక్షమందికి పైగా పేరు రాయించుకున్నారు. ఆ ఏడాది డిసెంబరు 14న ఢిల్లీకి చెందిన హర్పాల్ సింగ్ తొలి కారు తాళాలను ఇందిరా గాంధీ చేతుల మీదుగా అందుకున్నారు. 2014 నాటికి తయారైన మారుతి 800లు 28 లక్షల పైమాట. ముప్పై ఏళ్లకు పంచితే ఏడాదికి 90 వేలు దాటుతుంది. అంబాసిడర్ మంచి ఊపులో ఉన్న 1980ల మధ్యలో కూడా ఏడాది అమ్మకాలు సుమారు 24 వేలు. చివరి ఏడాదికి అవి రెండున్నర వేల లోపుకు జారాయి.

మారుతిని మాత్రం మరీ నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. 1986లో మనకొచ్చిన రూపానికి మూలమైన ఆల్టోను జపాన్‌లో 1988లోనే మార్చేశారు. మన దగ్గర అదే ఒళ్లు మరో 26 ఏళ్లు నడిచింది. ఆక్స్‌ఫర్డ్ బ్రిటన్‌లో ఆగాక అంబాసిడర్ ఇక్కడ 55 ఏళ్లు నడిచింది. అంకె సగం, జబ్బు అదే. కాకపోతే మారుతి కంపెనీ పక్కన వేరే కార్లు తయారుచేసుకుంటూ పోయింది. 2004లో 800ను అమ్మకాల్లో వెనక్కి నెట్టింది కూడా ఆ కంపెనీ ఆల్టోయే. హిందుస్థాన్ మోటార్స్ చేతిలో అలా వెనక్కి నెట్టగల సొంత కారు లేకపోయింది. 2017లో అంబాసిడర్ అనే పేరును ఫ్రాన్స్‌కు చెందిన ప్యూజో కంపెనీకి 80 కోట్ల రూపాయలకు అమ్ముకుంది.

చివరికి మారుతిని నొక్కింది పొగ నిబంధనలే. 2010 ఏప్రిల్‌లో భారత్ స్టేజ్ 4 మొదలైన 13 నగరాల్లో మారుతి 800 అమ్మకం ఆగిపోయింది. వాటిలో హైదరాబాద్ ఒకటి. విజయవాడలో, వరంగల్‌లో షోరూముకెళ్లి కొనుక్కోగలిగిన కారు హైదరాబాద్‌లో దొరకలేదు.

ఇప్పుడు కొనాలనుకుంటే

వెనక సీట్లో కూర్చునేవాళ్లకు అంబాసిడర్, స్టీరింగ్ పట్టేవాళ్లకు, డబ్బు కట్టేవాళ్లకు మారుతి. ఇంజినీరింగ్ పరంగా అయితే సందేహం లేదు, మారుతిదే మేలైన పని. అంబాసిడర్ మీద మనకున్న మమకారంలో సగం దాని వెనక సీటుదే.

పాతది ఒకటి కొని పెట్టుకోవాలనే సరదా ఉంటే కాగితాలు ముందు చూడండి. సొంత కారు ఆర్‌సీ 15 ఏళ్లకు ముగుస్తుంది. ఆపైన ఫిట్‌నెస్ పరీక్ష చేయించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. ఆ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 600 రూపాయల బదులు 5,000 అయింది. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో 10,000 చేశారు. పెట్రోలు కారుకు 15 ఏళ్లు, డీజిల్‌కు 10 ఏళ్లు అనే నిషేధం గోల ఢిల్లీ పరిసరాలది, మన రెండు రాష్ట్రాలకూ వర్తించదు. ఆర్‌సీ ఎప్పుడు ముగిసింది, ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు కాగితంతో కలుస్తున్నాయా, మారుతి అయితే టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారు, అంబాసిడర్ అయితే తలుపుల కింద అంచుల్లో తుప్పు ఎంత లోతుకు దిగింది, ఈ నాలుగూ తేలాకే బేరం మొదలుపెట్టండి.

2021 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపు చెడకుండా ఉన్న కారును వింటేజ్‌గా ‘వీఏ’ నంబరుతో రిజిస్టర్ చేయించుకోవచ్చు. ఫీజు 20,000, పదేళ్లు చెల్లుతుంది. రోజువారీ తిరుగుళ్లకు, కిరాయికి వాడకూడదు. మార్క్ 2 అంబాసిడర్లు ఇప్పటికే ఆ అర్హత సంపాదించుకున్నాయి. మారుతి 800లలో మొట్టమొదటిదానికి ఆ అర్హత 2033 డిసెంబరులో వస్తుంది.